కార్డులు చదివే అంబదాస్

అంబదాస్ పదో తరగతి పాసయ్యాడు. ఈ సంగతి మనం ముందుగా చెప్పకపోతే అతనే వచ్చి చెబుతాడు. పాసై ముప్పై ఏళ్లు కావస్తున్నా, మొన్ననే రిజల్టు వచ్చినట్టు మాట్లాడేవాడు.

సూరత్‌లో, పర్వత్ పాటియా వెనక, మరమగ్గాల షెడ్ల మధ్య ఇరుక్కున్న తెలుగు వాడ అది. సిరిసిల్ల నుంచి, జగిత్యాల నుంచి వచ్చి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుకొని బతికే కుటుంబాలే ఎక్కువ. అంబదాస్ తండ్రి లస్మయ్య కూడా అట్లా వచ్చినవాడే. తను జీవితమంతా సాంచె ముందు నిలబడ్డాడు గాని కొడుకును నిలబెట్టలేదు, గుజరాతీ బడికి పంపాడు. ఆ కొడుకు పది దాటి, పదకొండులో ఇంగ్లీషు పుస్తకం తెరిచి చూసి, దాన్ని అట్లాగే మూసి, ఒక మగ్గాల షెడ్డులో మెహతాజీగా కుదిరాడు. మెహతాజీ అంటే లెక్కలు రాసే గుమాస్తా. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. ఒకటి రాయడానికి, ఒకటి కనబడడానికి.

వాడలో పిల్లలు చాలామంది దగ్గరలోని ఒక ప్రైవేటు గుజరాతీ మీడియం బడిలో చదివేవాళ్లు. ప్రోగ్రెస్ కార్డులు గుజరాతీలో వచ్చేవి. తల్లిదండ్రులకు హిందీ మాట్లాడడం వచ్చు, గుజరాతీలో బేరమాడడం వచ్చు, ఆ లిపి చదవడం రాదు. పిల్లలకు చదవడం వచ్చు. కాని తన కార్డు తనే చదివి చెప్పే పిల్లను ఏ తండ్రి నమ్ముతాడు? అందుకని అంబదాస్ కావలసి వచ్చాడు.

ఆదివారం పూట అతను గడప ముందు చాప పరుచుకొని కూర్చునేవాడు. తల్లులు, తండ్రులు కార్డులు పట్టుకొని నిలబడేవాళ్లు. అంబదాస్ కార్డును పైకి చదివేవాడు కాదు. పెదాలు బిగించి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, పై నుంచి కింది దాకా చూసి, ఒకసారి నిట్టూర్చి, కార్డు మూసేవాడు. అప్పుడు తీర్పు వచ్చేది. లెక్కల్లో తక్కువొస్తే "మీ వంశంలనే లెక్క లేదు" అనేవాడు. సైన్సులో తక్కువొస్తే "సాంచె కింద పుట్టినోళ్లకు సైన్సేంది" అనేవాడు. తన తండ్రి కూడా సాంచె ముందే పోయాడన్న సంగతి ఆ క్షణంలో అతనికి గుర్తుండేది కాదు. విచిత్రమేమిటంటే, జనం ఆ తిట్లకే అతన్ని మరింత నమ్మారు. మెత్తగా చెప్పేవాడికి విషయం తెలియదని, కసురుకునేవాడికే తెలుసునని మనవాళ్లకు ఎక్కడో ఒక నమ్మకం. డాక్టర్ల దగ్గరా అంతే, అంబదాస్ దగ్గరా అంతే.

అయినా మార్కులున్నన్ని రోజులు అతని నోటికి ఒక హద్దుండేది. యాభై రెండును నలభై అని చెప్పడానికి వీల్లేదు, అంకెలు ఎవరైనా గుర్తుపడతారు. ఆ హద్దును కరోనా తీసేసింది.

రెండువేల ఇరవై మార్చిలో బడి మూశారు. సాంచెలు ఆగాయి. వాడలో సగం మంది మే నెలలో పర్మిషన్ ఉన్న బస్సులు మాట్లాడుకొని ఊళ్లకు పోయారు. ఉన్నవాళ్ల పిల్లలు ఇంటికొక ఫోనుతో, ఆ ఫోను తండ్రితో పాటు బయటికి పోకపోతే, పాఠం విన్నామనిపించుకున్నారు. మరుసటి ఫిబ్రవరిలో పెద్ద తరగతులకు కొన్నాళ్లు బడి తెరిచి, రెండో విడత జబ్బు రాగానే మళ్లీ మూశారు. తొమ్మిదో తరగతి దాకా పరీక్షలు లేవు, అందరూ పాసేనని ప్రభుత్వం ప్రకటించింది. జబ్బు తగ్గుముఖం పట్టాక, ఇరవై ఒకటి జులైలో, బడి వాళ్లు తల్లిదండ్రులను పిలిచి కార్డులు పంచారు.

పరీక్షలు లేని ఏడాది కార్డులో ఏముంటుంది? ముందటి ఏడాదుల కన్నా ఎక్కువే ఉంది. అట్ట నున్నగా మెరిసింది. ప్రిన్సిపాల్ హసముఖ్‌భాయి ఫొటో పెద్దదయింది. మార్కుల గళ్లు పోయి శుభ్రత, క్రమశిక్షణ, సహకారం, చెట్లు నాటడం, గర్బా అని గళ్లు వచ్చాయి. వాటి పక్కన గ్రేడ్లు. అన్నిటికీ కింద టీచర్ అభిప్రాయమని ఒక వాక్యం. ఆ వాక్యాన్ని అంబదాస్ తప్ప ఆ వాడలో ఏ పెద్దా చదవలేడు. అతని చేతికి తాళం చెవి దొరికినట్టయింది.

మొదటి ఆదివారం రాజనర్సు వచ్చాడు. అతనూ సాంచెలు నడిపేవాడే, ఒకే మెట్లకు కింద అంబదాస్ ఇల్లు, పైన అతని ఇల్లు. మెట్ల కింద ఎవరి బండి పెట్టుకోవాలన్న దాని మీద ఇద్దరికీ ఎండాకాలమంతా తగాదా నడిచింది. రాజనర్సు బండి పెట్టుకున్నాడు. అంబదాస్ మరిచిపోలేదు. రాజనర్సు కూతురు జమున తొమ్మిదో తరగతి పూర్తి చేసింది, తండ్రి వెనకే నిలబడింది.

అంబదాస్ కార్డు చూశాడు. నిట్టూర్చాడు. మూశాడు.

"ఏం రాసిండ్రు?" అన్నాడు రాజనర్సు.

"ఏం చెప్పాలె రాజనర్సూ. పిల్ల బళ్లె కూసుంటదిగని మనసు కూసోదట. దీనికి చదువు ఎక్కదని, ఇంక గింజుకునుడు దండుగని రాసిండ్రు."

"గంత మాట రాసిండ్రా?"

"నేనెందుకు అబద్దం చెప్త? ఇగో, నువ్వే సూడు." కార్డు తెరిచి, చదవడం రాని మనిషి ముఖం ముందు పెట్టాడు.

జమున ముందుకొచ్చింది. "బాపూ, అండ్ల గట్ల లేదు. నేను సదివిన."

"నోర్మూయ్," అన్నాడు రాజనర్సు. నలుగురిలో కూతురి చదువు గురించి అంత మాట పడ్డాక అతనికి కోపం ఎవరి మీదో ఒకరి మీద చూపించాల్సి వచ్చింది. ఆ వారమే జమునను బడి మాన్పించాడు. తల్లి పక్కన కూర్చోబెట్టి చీరలకు స్టోన్లు అంటించే పనిలో పెట్టాడు. బడి వాళ్లే దండగని రాశాక ఇంక ఎందుకని వాడంతా చెప్పుకున్నాడు.

అంబదాస్ చెవికి అది చేరింది. ఇంట్లో భార్య పద్మారాణి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"గా పిల్ల మన సుమన కంటె మంచిగ చదువుతది గద. గట్లెట్ల రాసిండ్రు?"

"నీకేం తెల్సు? బళ్లె టీచర్లకు తెల్వదా?"

"నీకు తెల్సా అని అడుగుతున్న," అంది పద్మారాణి. అంబదాస్ పప్పులో ఉప్పు లేదన్నాడు. ఉప్పు సరిగానే ఉంది.

జమున తరగతిలోనే చదివే తన కూతురు సుమన కార్డును మాత్రం అతను పెదాలు బిగించి చదవలేదు. చాప మీద కూర్చొని, వచ్చిన వాళ్లందరూ వినేట్టు చెప్పాడు. "గిసుంటి పిల్లతోని బడికే పేరొస్తదని రాసిండ్రు. నా కార్డుల గూడ అప్పట్ల గిదే రాసిండ్రు." సుమన లోపలికి పోయింది. ఆడపిల్లకు సిగ్గెక్కువని తండ్రి నవ్వాడు. మిగిలిన వాళ్లు తల ఊపారు. అట్లా ఆ నెలంతా ఒకరికి పొగడ్త, ఒకరికి వాత, ఒకరికి జాలి పంచాడు. అతనికి మర్యాద ఇచ్చిన వాళ్ల పిల్లలు తెలివిగలవాళ్లయ్యారు. అతని కొలువు దగ్గర నవ్విన వాళ్ల పిల్లలు మొద్దులయ్యారు. దేవుడు కూడా ఇంత తీరికగా ఎవరి తలరాతలూ రాసి ఉండడు.

వెంకటవ్వ ఊరి నుంచి వచ్చింది అప్పుడే. ఆమె కొడుకూ కోడలూ సూరత్ పక్కన కామ్‌రేజ్‌లో సాంచెల మీద ఉంటారు. మనవరాలు హారతి బడి కోసం ఈ వాడలో అవ్వ దగ్గరే పెరిగింది. లాక్‌డౌన్‌లో అవ్వా మనవరాలూ బస్సెక్కి సిరిసిల్ల పక్కన ఊరికి పోయి, ఏడాది పైన అక్కడే ఉండిపోయారు. ఆ ఊళ్లో ఫోనులో మాట వినబడాలంటేనే మిద్దె ఎక్కాలి, ఇంక పాఠాలెక్కడివి? హారతి బీడీలు చుట్టడం నేర్చుకుంది, మేకలను తోలింది, పుస్తకం ముట్టలేదు. తిరిగొచ్చాక బడికి పోతే హారతి చేతిలోనూ ఒక మెరిసే కార్డు పెట్టారు. వెంకటవ్వ సర్వపిండి చేసి, గిన్నెలో పెట్టుకొని, కార్డు కొంగున పట్టుకొని ఆదివారం అంబదాస్ చాప దగ్గరికి వచ్చింది. హారతి వెంట ఉంది.

"అంబదాసూ, జర సూడు కొడుకా, పిల్లది ఏమయిందో. నాకైతే సమజ్ కాలే."

అంబదాస్ ముందు సర్వపిండి చూశాడు, తర్వాత కార్డు చూశాడు.

"మంచిగున్నదవ్వా. మస్తు మంచిగున్నది. పిల్ల శ్రద్ధ గల్లదట. ఒక్క దినం నాగా పెట్టలేదట. గర్బాల ముందటుండి ఆడిందట, చెట్లు నాటిందట."

వెంకటవ్వ చుట్టూ ఉన్న వాళ్లను చూసి, మళ్లీ అతన్ని చూసింది.

"ఎక్కడ ఆడింది?"

"బళ్లె, అవ్వా."

"ఇది ఊళ్లె నా తోనె ఉన్నది గద కొడుకా. ఏడాదంత నా కండ్ల ముందటనే మేకలను గాసింది. మరి బళ్లె ఎవలు ఆడిండ్రు?"

నిలబడ్డవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. అంబదాస్ కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"నేనేమన్న సొంతంగ చెప్తున్ననా? అండ్ల రాసున్నది చెప్పిన."

"కొంత రాసున్నది, కొంత లేదు కాకా," అంది హారతి. అంతవరకు ఆ చాప ముందు పిల్లలెవరూ నోరు తెరవలేదు. ఆమె ఊరి నుంచి వచ్చిన మొదటి రోజే తన తరగతిదే అయిన జమున దగ్గరికి పోయింది. స్టోన్ల మధ్య కూర్చొని, చేతికి జిగురు అంటుకొని ఉన్న జమునను చూసింది, ఏం జరిగిందో విన్నది. అప్పటి నుంచి ఈ ఆదివారం కోసమే చూస్తోంది.

కార్డు అంబదాస్ చేతిలోంచి తీసుకుంది. అందరికీ వినబడేట్టు, ఆ వాడలో మొదటిసారి ఒక కార్డు పైకి చదివింది.

"'ప్రగతి సంతోష్‌కారక్ ఛే, వధు మెహనత్‌ని జరూర్ ఛే.' అంటె, చదువు మంచిగనే నడుస్తున్నది, ఇంక జర కష్టపడాలె. గంతే ఉన్నది. నాగా పెట్టలేదని, గర్బా అని పైన గళ్లల్ల ఉట్టుట్టిగ కొట్టిండ్రు. అవ్వా, జమున కార్డుల గూడ కింద గిదే ఉన్నది. సుమనదాంట్ల గూడ గిదే. మేం ముగ్గురం పక్కపక్కన పెట్టి సూస్కున్నం."

"ఏందిరా నువ్వు చెప్పేది?" అన్నాడు అంబదాస్. ఆడపిల్లను రా అనడం అతని మర్యాదలో లేదు. ఆ రోజు వచ్చింది.

మెట్ల మీద నుంచి రాజనర్సు దిగి వచ్చాడు. ఎవరో పోయి జమున కార్డు తెమ్మన్నారు. "సుమనా, నువ్వు లోపటికి పో," అని అంబదాస్ అన్నాడు గాని, సుమన అప్పటికే తన కార్డు పట్టుకొని గడప దాటింది. తండ్రి వైపు చూడకుండా హారతికి ఇచ్చింది.

మూడు కార్డులూ చాప మీద పరిచారు. చదవడం రాని వాళ్లు కూడా వంగి చూశారు. ఆ వాక్యం పెన్నుతో రాసింది కూడా కాదు, అట్టతో పాటే అచ్చు గుద్దింది. ఒకటే చోట, ఒకటే సిరా, ఒకటే సున్నాలు, ఒకటే తోకలు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఇళ్లకు పోయి తమ పిల్లల కార్డులు తెచ్చారు. అన్నిట్లో అదే. నెల రోజులుగా అంబదాస్ ఒక్క వాక్యాన్నే చదువుతూ వచ్చాడు. మూడో కార్డుకే అతనికి అది తెలిసిపోయి ఉంటుంది. అందరిదీ ఒకటేనని చెబితే చాప ముందు ఎవరుంటారు?

రాజనర్సు నెమ్మదిగా అడిగాడు. "నా బిడ్డకు చదువెక్కదని ఎవలు రాసిండ్రు?"

"నేను భావం చెప్పిన రాజనర్సూ. ఇంక కష్టపడాలె అంటె ఏంది? ఇప్పుడు కష్టపడ్తలేదనే గద."

"సుమనకు గూడ కష్టపడాలెననే ఉన్నది. గామెతోని బడికి పేరొస్తదని ఎట్ల తీసినవ్ భావం?"

జవాబు లేకపోవడం అంబదాస్‌ను ఎప్పుడూ ఆపలేదు. చాప మీద నుంచి లేచి, రెండు పెన్నులూ సర్దుకొని, గొంతు పెంచాడు. "అరే, నేను గదే అంటున్న! బడోళ్లు మనలను మోసం జేసిండ్రు. అందరికి ఒకటే అచ్చు గుద్ది ఇచ్చిండ్రు. పదుండ్రి, రేపు ప్రిన్సిపాల్‌ను అడుగుదాం. ముందట నేనుంట."

ఒక్క ఊపిరిలో ముద్దాయి వకీలయ్యాడు. ఎవరికీ అతని మీద నమ్మకం మిగల్లేదు, కాని ప్రిన్సిపాల్‌తో వాదించేంత గుజరాతీ వచ్చిన పెద్దమనిషి ఇంకొకడు లేడు. రాజనర్సు ఒప్పుకున్నాడు, హారతి కూడా రావాలన్న షరతు మీద.

మరునాడు పదిమంది దాకా పోయారు. హసముఖ్‌భాయి వాళ్లను హాల్లో కూర్చోబెట్టాడు. దూరం పాటించడానికి నేల మీద సున్నంతో గీసిన వలయాలు అప్పటికే చెరిగిపోయాయి. వాకిట్లో చేతులకు మందు పోసే సీసా ఉంది, నొక్కితే గాలి వచ్చింది. ప్రిన్సిపాల్ తెల్ల చొక్కా వేసుకొని, మాస్కు గడ్డం కిందికి దించుకొని, మైకు లేకపోయినా మైకు ముందు మాట్లాడినట్టు మాట్లాడాడు. సగం బరువైన గుజరాతీ, సగం ఇంగ్లీషు. అంబదాస్ పక్కన నిలబడి తెలుగులో చెప్పాలి. ఎదురుగా హారతి కూర్చొని ఉంది కనుక ఈసారి భావం తీయడానికి వీల్లేకపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం అతనికి అలవాటు లేని పని, చెమట పట్టింది.

"ఈ ఏడాది పిలగాండ్లను మార్కులతోని చూడలేదంట. పూర మనిషిని చూసిండ్రంట," అన్నాడు.

"బడి బందుంటె ఎక్కడ చూసిండ్రట?" అన్నాడు రాజనర్సు.

అంబదాస్ అడిగాడు. ప్రిన్సిపాల్ నవ్వి ఇంకా పొడుగ్గా చెప్పాడు.

"ఆన్‌లైన్ల చూసిండ్రంట."

"ఆన్‌లైన్ల చెట్లు ఎట్ల నాటిండ్రు?"

"అది... మనసుల నాటినట్టంట." చెప్పిన అంబదాస్‌కే సిగ్గేసింది. పిల్లల్లో ప్రకృతి పట్ల భావన నాటామని ప్రిన్సిపాల్ అన్నాడు. దాన్ని తెలుగులోకి తెస్తే అంతకంటే మెరుగ్గా రావడం లేదు. హాల్లో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హసముఖ్‌భాయి అది గౌరవమనుకొని మరింత ఉత్సాహంగా, టీచర్లు ఒక్కొక్క పిల్లను ప్రత్యేకంగా గమనించి ఆ అభిప్రాయం రాశారన్నాడు. అంబదాస్ ఆ వాక్యం తెలుగులో మొదలుపెట్టి, ఒడిలో కార్డులు పెట్టుకున్న వాళ్లను చూసి, మధ్యలో ఆపేశాడు.

మూలన కూర్చున్న వెంకటవ్వ లేచింది.

"అంబదాసూ, గాయిన మాటలు నాకొద్దు. ఒక్కటి అడుగు. ఇది తొమ్మిది చదువలే. దీన్ని మళ్ల తొమ్మిదిల్నే కూసోపెట్టుమను."

"అవ్వా, నేను కూసోను," అంది హారతి కంగారుగా. "అందరు పదికి పోతుంటె నాకు సిగ్గు."

"నువ్వు ఊకో. నడుమ ఒక మెట్టు లేకుంటె కాలెక్కడ పెడ్తవ్?"

పాస్ చేయమని కాళ్లావేళ్లా పడ్డ తల్లిదండ్రులను అంబదాస్ చూశాడు. ఫెయిల్ చేయమన్న వాళ్లను చూడలేదు. తడబడుతూనే గుజరాతీలో చెప్పాడు. హసముఖ్‌భాయి మొదట అర్థం కాక మళ్లీ చెప్పమన్నాడు. అర్థమయ్యాక పక్కనున్న గుమాస్తాను చూసి నవ్వాడు. ఎవరినీ ఆపకూడదని పైనుంచి ఉత్తర్వు ఉంది, ఫెయిల్ చేసే అధికారం తనకే లేదు, ఈ అవ్వకు ఇంత మంచి వార్త వస్తే సంతోషపడాలి గాని, అన్నాడు.

అంబదాస్ చెప్పింది విని వెంకటవ్వ అంది. "ఫెయిలు జేయ శాతగానోడు పాసెట్ల జేసిండు? గది అడుగు."

అంబదాస్ అడగలేదు. నేల చూశాడు. వెనక వరసలోంచి ఒక గొంతు ఆ ప్రశ్నను శుభ్రమైన గుజరాతీలో అడిగింది. హారతి కాదు. తండ్రి వెనక చెప్పకుండా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ సుమన.

హసముఖ్‌భాయి నవ్వు ఆగిపోయింది. కాని ముప్పై ఏళ్లుగా బడి నడుపుతున్నవాడు, ఏ తాడు ఎక్కడ లాగాలో తెలుసు. పిల్ల ప్రశ్నను గాలికి వదిలి, లేచి వచ్చి అంబదాస్ భుజం మీద చెయ్యి వేశాడు. మీలాంటి చదువుకున్న తండ్రి తెలుగు కుటుంబాల తరఫున మా తల్లిదండ్రుల సంఘంలో ఉండాలి, ఇట్లాంటి అపోహలు రాకుండా మీరే వాళ్లకు వివరించాలి, అన్నాడు. గుమాస్తా ఒక కుర్చీ తెచ్చాడు, ప్రిన్సిపాల్ పక్కన వేశాడు. టీ వచ్చింది, ఒక కప్పే.

అందరూ చూస్తుండగా అంబదాస్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. కాసేపైనా ఆలోచించి ఉంటే బాగుండేది. అతను టీ చల్లారకుండా చూసుకున్నాడు. తర్వాత వాడ వాళ్ల వైపు తిరిగి, "సార్ చెప్పింది గూడ నిజమే. మనం జర సమజ్ చేసుకోవాలె," అన్నాడు.

రాజనర్సు లేచి బయటికి నడిచాడు. మిగతావాళ్లూ లేచారు.

ఆ సాయంత్రం సుమన వంటింట్లో తల్లి పక్కన కూర్చొని ఉంటే అంబదాస్ పోయి నిలబడ్డాడు. కూతుర్ని కొట్టేవాడు కాదు, అదొకటి అతనిలో మంచి.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్ కదనే," అన్నాడు.

"నేను తియ్యలే బాపూ. నువ్వు చదివేది అండ్ల ఉండదని నాకు ఐదో తరగతి నుంచె తెల్సు. ఎవలికన్న చెప్పిన్నా?"

"మరి ఇప్పుడెందుకు మాట్లాడినవ్?"

"జమున నా పక్క బెంచి," అంది సుమన.

అంబదాస్ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. పై ఇంట్లో జమున తల్లి, తండ్రి ఏదో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. పైకి పోయి ఒక మాట చెబితే సరిపోయేది, తప్పయిందని. లేచాడు, రెండు మెట్లు ఎక్కాడు, అక్కడ నిలబడి గోడకు చెయ్యి ఆనించాడు. తర్వాత దిగి వచ్చాడు. ఆ రెండు మెట్లు ఎక్కడం చూశానని పద్మారాణి తర్వాత పక్కింటామెతో చెప్పింది. అతని వైపు మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆమె దగ్గర ఉన్న సాక్ష్యం అదొక్కటే.

రాజనర్సుకూ పట్టుదల తక్కువేమీ కాదు. కూతురు బడి మానిందని వాడంతా చాటినవాడు, మర్నాడే మళ్లీ పంపుతానంటే తను అంబదాస్ చేతిలో మోసపోయానని ఒప్పుకున్నట్టే. మగవాళ్ల పరువు ఇట్లాంటి చోట్లే బరువెక్కుతుంది, దాన్ని మోసేది మాత్రం ఆడపిల్లలు. దసరా దాకా జమున స్టోన్లే అంటించింది. హారతి, సుమన రోజూ సాయంత్రం ఆమె పక్కన కూర్చొని తామూ నాలుగు రాళ్లు అంటిస్తూ ఆ రోజు పాఠాలు చెప్పేవాళ్లు. చివరికి జమున తల్లి ఒకరోజు పొద్దున జిగురు డబ్బా ఎత్తి భర్త చేతిలో పెట్టి, "ఇగ నువ్వు అంటియ్యి, అది బడికి పోతది," అంది. జమున పోయింది. రాజనర్సు చూడనట్టు చూశాడు. అంబదాస్‌తో అతను ఇప్పటికీ మాట్లాడడు.

అంబదాస్‌కు బడి వాళ్లు బ్యాడ్జీ ఇచ్చారు. తల్లిదండ్రుల సంఘం సభ్యుడని గుజరాతీలో రాసి ఉంటుంది. మీటింగులకు ముందు వరసలో కూర్చొనేవాడు. సంఘం ఆ ఏడాది ఒక్క నిర్ణయం చేసింది, గేటుకు రంగు వేయించడం. తర్వాతి కార్డులు పంచిన రోజు గేటు పక్కన బల్ల వేసి, తెలుగు తల్లిదండ్రులకు వివరించడానికి అతన్ని కూర్చోబెట్టారు. వాడ వాళ్లు వరసగా వచ్చారు, కార్డులు తీసుకున్నారు, బల్ల దాటి పోయారు. గోడ నీడలో పిల్లల చేతికే కార్డులిచ్చి, "పైకి సదువు, అందరు ఇనాలె," అన్నారు. పిల్లలు చదివారు. ఒకరి కార్డు ఇంకొకరితో చదివించి సరిచూసుకున్న వాళ్లూ ఉన్నారు. అంబదాస్ బల్ల మీద చేతులు పెట్టుకొని, ఎవరైనా తనను అడగలేకపోతున్నారేమో అన్నట్టు అందరినీ పలకరింపుగా చూశాడు. మధ్యాహ్నానికి ఎండ బల్ల మీదికి వచ్చింది.

పదో తరగతికి ఆ ఏడాది నిజం పరీక్షలే జరిగాయి. సుమన పాసైంది, గొప్పగా కాదు. జమున ఆమె కంటే కొంచెం మెరుగ్గా పాసైంది. హారతి లెక్కల్లో పోయింది. వెంకటవ్వ గుమ్మంలో కూర్చొని బియ్యం ఏరుతుంటే అంబదాస్ పిలవకుండానే వచ్చాడు, బ్యాడ్జీ పెట్టుకొని.

"అవ్వా, గాబరా గాకు. ఇండ్ల ఏమున్నదంటె, బేసిక్ అని, స్టాండర్డ్ అని రెండు తీర్ల లెక్కలుంటయి..."

"ఫెయిలయింది," అంది వెంకటవ్వ.

"అయిందిగని, దాని అర్థం ఏందంటె..."

"దాని అర్థం ఫెయిలు. నాకు సమజయింది కొడుకా. నడుమ తొమ్మిది లేదు గద, ఎట్లయితది." ఆమె చేట పక్కన పెట్టి లోపలికి చూసింది. లోపల హారతి ఏడ్చి ఏడ్చి ముఖం కడుక్కుంటోంది. "నువ్వు పో. అది నిన్ను చూస్తె ఇంక కోపానికొస్తది."

అంబదాస్ సుమనతో లెక్కలు చెప్పిస్తానని అన్నాడు. "సుమన పొద్దుగాల్నే వచ్చింది," అంది వెంకటవ్వ. నిజమే, లోపల గిన్నెలు కడిగే జాలారి దగ్గర చెంబుతో నీళ్లు పోస్తున్నది ఆమే.

జులైలో హారతి ఆ ఒక్క పరీక్ష మళ్లీ రాసింది, అంచు మీద గట్టెక్కింది. పదకొండులో ముగ్గురూ కామర్స్ తీసుకున్నారు.